ఇంటి నెట్‌వర్క్‌ను ఫైబర్ వేగానికి సిద్ధం చేసుకోవడం – 3వ పాఠం: కేబుల్ పరీక్ష

ఫైబర్ తీగ ఓఎన్‌టీ పెట్టె దగ్గర ముగుస్తుందనీ, కాంతి సంకేతాలు అక్కడ విద్యుత్ సంకేతాలుగా మారతాయనీ గత పాఠంలో తెలుసుకున్నాం. ఆ పెట్టె నుంచి రౌటర్‌కూ, రౌటర్ నుంచి కంప్యూటర్‌కూ వెళ్లే ఈథర్‌నెట్ కేబుల్‌ను పరీక్షించడం ఈ పాఠంలో నేర్చుకుందాం. పెద్ద ప్లాన్ తీసుకున్నా వేగం పెరగకపోతే చాలామంది వెంటనే రౌటర్ మార్చేస్తారు. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని.

వైఫై ఆపి, కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం కొలవండి. ఎన్నిసార్లు కొలిచినా 94 ఎంబీపీఎస్ దాటకపోతే దారిలో ఎక్కడో ఒక లింకు 100 దగ్గర కుదురుకుందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది; ప్రతి ముక్క ముందూ ఉండే చిరునామా వంటి వివరాలకు, అంటే హెడర్లకు పోయేది పోగా ఆ లింకులో డేటాకు మిగిలేది సుమారుగా అంతే. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ లింకులో ఇదే లెక్క 940 దగ్గర ఆగుతుంది.

దీనికి మూలం కేబుల్ లోపలే ఉంది. అందులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు మాత్రం నాలుగూ కావాలి. 100కు అవసరం లేని జతల్లో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు కనెక్షన్ వదలకుండా 100కు దిగిపోతాయి, అందువల్ల లోపం నెలల తరబడి బయటపడదు. మా ఇంట్లో జరిగింది ఇదే: గోధుమరంగు తీగ ప్లగ్గు చివరి దాకా చేరకుండా ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోయింది.

కాబట్టి ప్లగ్గు క్లిప్పును కిందికి తిప్పి, వెలుతురులో పట్టి చూడండి. ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అనే వరుస టీ568బీ పద్ధతి. ఏ పద్ధతిలో ఉన్నా ఎనిమిది తీగల కొనలూ ప్లగ్గు అంచును తాకాలి. మీరే కొత్త ప్లగ్గు బిగిస్తే మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పవద్దు. జతలోని రెండు తీగలూ ఒకదానికొకటి వ్యతిరేక సంకేతాలను మోస్తాయి. బయటి అలజడి రెండింటినీ సమానంగా తాకుతుంది కనుక, అవతలి కొసన వాటి తేడాను మాత్రమే చదివినప్పుడు అది రద్దయిపోతుంది. మెలిక విప్పిన మేరా ఈ రక్షణ పోతుంది.

కేబుల్ తరగతి దాని తొడుగు మీదే అచ్చయి ఉంటుంది. క్యాట్ 5ఈ గిగాబిట్‌ను 100 మీటర్ల వరకు మోస్తుంది. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ ప్రమాణానికీ అది సరిపోతుంది. గోడల్లో అదే ఉంటే పగలగొట్టవలసిన పనే లేదు. కొత్తగా కొనేటప్పుడు మాత్రం రాగిపూత పూసిన అల్యూమినియం తీగను తప్పించుకోండి, అది వంచితే త్వరగా విరుగుతుంది.

అభ్యాసంగా ప్రతి లింకు వేగాన్నీ కాగితం మీద రాయండి. కంప్యూటర్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ కనిపిస్తుంది. ఓఎన్‌టీ వైపు లింకు వేగాన్ని చాలా రౌటర్లు తమ సెట్టింగ్స్‌లోని వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు కనెక్షన్) స్టేటస్ పేజీలో చూపిస్తాయి. 100 కనిపించిన చోట ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ మారకపోతే పోర్టు సామర్థ్యాన్ని పరిశీలించండి, ఎందుకంటే డబ్బా మీద వైఫై వేగం 1200 అని రాసి ఉన్న రౌటర్లలోనూ కొన్నిటి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే.