పాత మియాటాకు ఏ సైజు చక్రాలు, ఏ సైజు టైర్లు వేయాలి?

నిరుడు వేసవిలో ఒక కుర్రవాడు తన 1992 మాజ్దా మియాటా కారును మా ఇంటి ముందు ఆపాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చాలు, ముందు చక్రం దగ్గర కరకరమని శబ్దం. చూస్తే 17 అంగుళాల రిమ్ములు, వాటికి 215/40 టైర్లు. "అన్నా, స్టడ్లు (చక్రాన్ని పట్టి ఉంచే మర బోల్టులు) సరిగ్గా కూర్చున్నాయి. ఇంకేం చూడాలి?" అని అడిగాడు. బొటనవేలు దూరింది కదా అని చెప్పులు కొనేసేవాళ్లను చూశారా? ఇదీ అలాంటి కొనుగోలే.

న్యూజెర్సీలో ఉంటూ పదిహేనేళ్లుగా ఈ కారు నడుపుతున్నాను, నా చేతులతోనే బాగు చేసుకుంటున్నాను. ఇలాంటి కార్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. అన్నిటిలోనూ తప్పు ఒక్కటే: రిమ్ము అందం చూసి ముందు కొనడం, లెక్క తర్వాత వేసుకోవడం. వరస తిరగేయండి. ముందు టైరు, తర్వాత రిమ్ము, ఆ తర్వాతే అందం.

నేను చెప్పేది మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 మియాటా గురించి. 1989లో షికాగో ఆటో షోలో జనం ముందుకు వచ్చి, 1997 దాకా అమ్ముడైన, హెడ్‌లైట్లు కనురెప్పల్లా పైకి లేచే కారు. మీది వేరే పాత స్పోర్ట్స్ కారైతే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

కారుతో పాటు వచ్చినవి రాసిపెట్టుకోండి

రిమ్ము 14 అంగుళాలు, వెడల్పు 5.5 అంగుళాలు. 1994 నుంచి వచ్చిన అల్లాయ్ రిమ్ములు 6 అంగుళాల వెడల్పు. ఆఫ్‌సెట్ +45 (అంటే ఏమిటో కింద చెబుతాను). టైరు 185/60 ఆర్14. నాలుగు స్టడ్లు, వాటి మధ్యగా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు చివర) వ్యాసం 54.1 మి.మీ. స్టడ్డు 12 మి.మీ. లావు, దాని మీది ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం 1.5 మి.మీ.

సామాను: స్టీలు స్కేలు, టేపు, జాకీ, రెండు స్టాండ్లు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచి), పిల్లలు ఆడుకునే బంకమట్టి ఒక ముద్ద. బంకమట్టిని చూసి నవ్వకండి, అసలు పని దానితోనే ఉంది.

ఒక హెచ్చరిక. పాత ఫియట్ 124 స్పైడర్ లాంటి ఇటాలియన్ కార్ల రిమ్ములకూ నాలుగు రంధ్రాలే, కానీ వాటి వృత్తం 98 మి.మీ. తేడా రెండే మిల్లీమీటర్లు కదా అని కొందరు మియాటాకు ఎక్కించేస్తారు. అప్పుడు ఒక్కో రంధ్రం ఒక్కో మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటుంది. నట్టు బిగిసినట్టే కనిపిస్తుంది కానీ కోనులా సన్నబడే దాని కింది భాగం రంధ్రంలో పూర్తిగా కూర్చోదు, స్టడ్డు వంగి పనిచేస్తుంది. ఎంత చవకగా దొరికినా అలాంటి రిమ్ము వద్దు.

టైరు ఎత్తు తేల్చుకోండి

లెక్క సులువు. 185/60 ఆర్14 అంటే టైరు వెడల్పు 185 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111. పైన ఒకటి, కింద ఒకటి కలిపి 222. మధ్యలో రిమ్ము 14 అంగుళాలు, అంటే 355.6. మొత్తం సుమారు 578 మి.మీ. కొత్త టైరు ఏదైనా దీనికి దగ్గరగా ఉండాలి. రెండు శాతం దాటకూడదన్నది నా నియమం. మూడు శాతం దాకా ఫర్వాలేదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల కారు వాళ్ల ఇష్టం.

195/50 ఆర్15 తీసుకుంటే 195, 381 కలిపి 576. పాతదానికీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లు లేదు. 205/50 ఆర్15 అయితే 586, ఒకటిన్నర శాతం ఎక్కువ. అదీ సరే. ఆ కుర్రవాడి 215/40 ఆర్17 లెక్క 604. నాలుగున్నర శాతం ఎక్కువ. స్పీడోమీటరు 60 మైళ్లు చూపిస్తుంటే కారు దాదాపు 63 మైళ్ల వేగంతో పోతుంటుంది. పోలీసుకు ఈ లెక్క వివరించి చూడండి. అంతేకాదు, చక్రం చుట్టూ ఉన్న ఖాళీలో 13 మి.మీ. అప్పుడే ఖర్చయిపోయింది.

నా మాట వింటే 15 అంగుళాలు, 195/50. అక్కడితో ఆగండి. మియాటా బరువు టన్నుకు అటూ ఇటూ. ఇంత తేలిక కారుకు స్ప్రింగుల కింద వేలాడే బరువు ఒక్కో కిలో పెరిగినా చేతికి తెలుస్తుంది. 17 అంగుళాల రిమ్ము సాధారణంగా బరువు ఎక్కువ, టైరు పక్క గోడ 86 మి.మీ. మాత్రమే. మార్చి నెలలో మంచు కరిగాక ఇక్కడి రోడ్ల మీద గుంతలు ఎలా తేలతాయో చూసినవాళ్లెవరూ ఆ పలచని గోడను నమ్ముకోరు. పెద్ద రిమ్ములు ఫొటోల్లో బాగుంటాయి, కాదనను.

14 అంగుళాలే ఉంచుకుంటామనేవాళ్లంటే నాకు గౌరవం. కారును తయారుచేసినవాళ్లు ఊహించింది అదే. చిక్కల్లా ఆ సైజులో మంచి స్పోర్ట్స్ టైర్లు దొరకడం ఏటేటా తగ్గిపోతుండటమే.

ఆఫ్‌సెట్: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. హబ్బుకు రిమ్ము ఆనుకునే ముఖం, రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం మధ్య నుంచి బయటి వైపుకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగితే అంత ప్లస్. అంకె పెరిగితే చక్రం లోపలికి, సస్పెన్షన్ వైపు పోతుంది. తగ్గితే బయటికి, మడ్‌గార్డు వైపు వస్తుంది.

ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆఫ్‌సెట్ అంకె ఒంటరిగా దేనికీ పనికిరాదు. "మియాటాకు +35 సరిపోతుందా?" అని అడుగుతారు. ఎంత వెడల్పు రిమ్ముకు? దాని మీద ఏ టైరు? అవి చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. మనకు కావలసినవి రెండు దూరాలు: హబ్బు ముఖం నుంచి చక్రం బయటి అంచు ఎంత దూరం, లోపలి అంచు ఎంత దూరం. వెడల్పులో సగం తీసుకోండి. అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి దూరం, కలిపితే లోపలి దూరం.

పాత రిమ్ము 5.5 అంగుళాలు, అంటే సుమారు 140 మి.మీ. సగం 70. బయటికి 25, లోపలికి 115. ఇప్పుడు 7 అంగుళాల వెడల్పు, +35 ఆఫ్‌సెట్ రిమ్ము చూద్దాం. 178లో సగం 89. బయటికి 54, లోపలికి 124. అంటే రిమ్ము 29 మి.మీ. బయటికి, 9 మి.మీ. లోపలికి పెరిగింది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. అది సగం లెక్కే. మడ్‌గార్డుకు ముందుగా తగిలేది రిమ్ము కాదు, పక్కకు ఉబ్బి ఉండే టైరు పొట్ట.

టైరు పొట్ట వెడల్పు, టైరు మీద రాసి ఉన్న అంకె ఒకటి కావు. దాన్ని కొలిచే ప్రామాణిక రిమ్ము ఒకటి ఉంటుంది. 185/60 ఆర్14ను 5.5 అంగుళాల రిమ్ము మీద కొలిస్తే పొట్ట దగ్గర 189 మి.మీ. 195/50 ఆర్15ను 6 అంగుళాల రిమ్ము మీద కొలిస్తే 201. రిమ్ము అర అంగుళం పెరిగినప్పుడల్లా పొట్ట సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి 7 అంగుళాల మీద అదే టైరు 211. ఇప్పుడు మళ్లీ లెక్క వేయండి. పాత టైరు బయటికి 49.5, లోపలికి 139.5. కొత్తది బయటికి 70.5, లోపలికి 140.5. నిజమైన తేడా బయటికి 21, లోపలికి 1. రిమ్ము లెక్క చెప్పింది వేరు, టైరు లెక్క చెప్పింది వేరు. రెండూ వేయండి. కాగితం ఖరీదు ఎంతని?

ఇదే 7 అంగుళాల రిమ్ము +20తో కొంటే టైరు పాతదానికంటే 36 మి.మీ. బయటికి వస్తుంది. దాన్ని మడ్‌గార్డు కింద ఇమడ్చడానికి రేకు మడవాలి, చక్రం పైభాగాన్ని లోపలికి వంచాలి. పైగా స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ ఉన్న దూరం మారిపోయి, రోడ్డు మీది ప్రతి గాడీ స్టీరింగ్‌ను లాక్కుంటుంది. ఈ కారు కొన్నదే ఆ స్టీరింగ్ కోసం. దాన్ని పాడుచేసుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఏ బెడదా వద్దనుకునేవాళ్లకు మాజ్దా వాళ్లే దారి చూపించారు. రెండో తరం మియాటాల్లో కొన్నిటికి 15 అంగుళాలు, 6 అంగుళాల వెడల్పు, +40 ఆఫ్‌సెట్ రిమ్ముల మీద 195/50 టైర్లు ఇచ్చారు. పై లెక్క ప్రకారం అవి మొదటి తరం కారు మీద బయటికి 11, లోపలికి 1 మి.మీ. మాత్రమే పెరుగుతాయి. నా కారుకు ఉన్నవి అవే. పాతవి, పెయింటు అక్కడక్కడా పోయింది, నాకు చాలు.

లెక్క అయ్యాక పరీక్ష. ఇంకొకరి కారు ఫొటో చూసి "వాళ్లకు సరిపోయింది, నాకూ సరిపోతుంది" అనుకోవద్దు. ఆ కారు ఎంత కిందికి దించారో, మడ్‌గార్డు అంచు మడిచారో లేదో ఫొటోలో కనపడదు. మీ కారు కుడి పక్క ఎడమ పక్కలాగే ఉంటుందనీ అనుకోవద్దు. ముప్పై ఏళ్ల కారు ఎక్కడో ఒకచోట గుద్దుకునే ఉంటుంది. నా కారులోనే వెనక కుడివైపు ఖాళీ ఎడమవైపుకంటే 6 మి.మీ. తక్కువ. అందుకే నాలుగు మూలలూ కొలవాలి.

టైరు ఎక్కించిన ఒక్క చక్రం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. కారు జాకీ మీద ఉన్నప్పుడు చక్రం వేలాడుతుంది, అప్పుడు అంతా ఖాళీగానే కనిపిస్తుంది. చాలామందిని మోసం చేసేది ఈ దృశ్యమే. కారును నేల మీదికి దించి, కాస్త ముందుకూ వెనక్కూ దొర్లించి, సస్పెన్షన్ సర్దుకున్నాక చూడండి. తర్వాత మడ్‌గార్డు లోపలికి మడిచిన రేకు అంచుకు, ప్లాస్టిక్ తొడుగుకు ముందూ వెనకా, లోపల సస్పెన్షన్ పై ఆర్మ్ దగ్గర చిటికెడు చిటికెడు బంకమట్టి అంటించండి. పక్క సీట్లో బరువైన మనిషిని కూర్చోబెట్టి, ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు, తర్వాత రెండో వైపు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. స్పీడ్ బ్రేకర్ మీదికి ఒక చక్రాన్ని ఏటవాలుగా ఎక్కించండి. దిగి మట్టి చూడండి. నలిగి మిగిలిన మందమే మీకున్న ఖాళీ. లోపల 5, బయట 10 మి.మీ. మిగలకపోతే ఆ చక్రం నాకు వద్దు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు టైరు ఇంకా పక్కకు వంగుతుంది, సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు సాగుతాయి.

స్ప్రింగు విప్పేసి, షాక్ అబ్సార్బర్‌నూ దాని రబ్బరు అడ్డునూ మాత్రం తిరిగి బిగించి, జాకీతో చక్రాన్ని చివరిదాకా పైకి లేపి చూడటం ఇంకా కచ్చితమైన పద్ధతి. కానీ నొక్కి పట్టిన స్ప్రింగు చేయి జారితే ఎముకలు విరుగుతాయి. అలవాటు లేనివాళ్లు ఆ జోలికి పోవద్దు.

లోపల తగులుతోందని హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసర్లు (లోహపు బిళ్లలు) వేసి బయటికి నెట్టే ఉపాయం ఒకటి ఉంది. నేను వేయను. తప్పనిసరై వేసినా నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతోందో లెక్కపెట్టండి. స్టడ్డు లావెంతో కనీసం అంత పొడవున మర పట్టాలి. 12 మి.మీ. స్టడ్డుకు 1.5 చొప్పున ఎనిమిది పూర్తి చుట్లు. ఐదు చుట్లకే బిగిసిపోయిన నట్టుతో హైవే ఎక్కినవాళ్లను చూశాను.

మిగిలినవి

కొత్త రిమ్ము మధ్య రంధ్రం 54.1 కంటే పెద్దదైతే సరిపడా రింగు కొనండి. అది లేకపోతే చక్రం మధ్యకు కూర్చోక కారు వణకవచ్చు. నట్లు కోను ఆకారంవి కావాలి. హోండా కారు నట్టుకూ అదే మర కాబట్టి ఎక్కుతుంది, కానీ దాని కింది భాగం గోళాకారం. రిమ్ముకు సరిపడదు.

టైరు మీద 82 లేదా అంతకంటే పెద్ద లోడు అంకె ఉండాలి. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరు కొత్తగా మెరుస్తున్నా నేను కొనను. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి వేయండి.

నట్లను ఎదురెదురుగా బిగిస్తూ 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య ఆపండి. టైరు దుకాణాల్లో గాలితో నడిచే బిగింపు తుపాకీతో బిగించి పంపేస్తారు, ఇంటికొచ్చి వదులు చేసి మళ్లీ బిగించండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. టైర్లలో గాలిని, తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నట్టు, 26 పీఎస్ఐతో మొదలుపెట్టండి. 35 కొట్టేస్తే తేలిక కారు బంతిలా ఎగురుతుంది. చివరగా అలైన్‌మెంట్ చేయించండి.

అన్నట్టు, బంకమట్టి తీసేయడం మరిచిపోకండి. నేను ఒకసారి మరిచిపోయాను. జూలై ఎండకు అది మెత్తబడి వెనక టైరు మీద పడింది. తెల్ల కారు పక్కంతా పచ్చ చుక్కలు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ రంగు గుర్తుచేస్తుంటుంది.