శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో డిమ్ సమ్ తినాలంటే
శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పర్యాటకుల సందడి ఎక్కువగా గ్రాంట్ అవెన్యూలో కనిపిస్తుంది కానీ, స్థానికులు కూరగాయలు, చేపలు కొనుక్కునేది పక్కనే ఉన్న స్టాక్‌టన్ వీధిలో కనుక, నడక అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతపు డిమ్ సమ్‌ను, అంటే టీతో పాటు కొద్ది కొద్దిగా వడ్డించే రకరకాల చిరువంటకాలను, ఉదయం పూట, వీలైతే నలుగురు కలిసి వెళ్లి తినాలి. పంచుకుంటేనే ఎక్కువ రకాలు రుచి చూడగలుగుతారు.

ముందుగా టీ చెప్పండి. కూజా ఖాళీ అయ్యాక మూతను పక్కకు జరిపి ఉంచితే చాలు, మళ్లీ వేడినీళ్లు పోస్తారు.

వంటవారి పనితనం తెలుసుకోవడానికి, నా దృష్టిలో, రొయ్యలు పెట్టి ఆవిరిపై ఉడికించే కుడుము హార్ గావ్‌ను మించినది లేదు. గోధుమల నుంచి తీసిన స్టార్చ్‌తో చేసిన పలుచని పొరలోంచి రొయ్య గులాబీ రంగులో కనిపించాలి, చాప్‌స్టిక్స్‌తో ఎత్తినప్పుడు ఆ పొర చిరగకూడదు, కొరికితే రొయ్య పంటికి బిగువుగా తగలాలి. పంది మాంసం చాలా వంటకాల్లో కలుస్తుంది కాబట్టి, తినని వారు ముందే అడిగి తెలుసుకోవాలి.