వీఎం టైమ్ రాత్రి తప్పి పొద్దున్నకి సరిపోతోందా? ముందు హోస్ట్ టైమ్ చూడండి

రాత్రి రెండింటికి లాగిన్లు ఫెయిల్, కెర్బెరోస్ (టైమ్ చూసి లాగిన్లని ధ్రువీకరించే పద్ధతి) ఎర్రర్లు, ఓటీపీలు చెల్లవు. పొద్దున వచ్చి చూస్తే వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) టైమ్ సెకను కూడా తేడా ఉండదు, టికెట్ మూసేస్తారు, రాత్రికి మళ్లీ అదే గోల.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే అది టైమ్‌జోన్ గొడవ, ఇక్కడితో ఆపేయొచ్చు. క్రోనీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ ప్రోగ్రామ్) నడుస్తోందా, దానికి కావాల్సిన యూడీపీ 123 పోర్టు తెరిచి ఉందా అన్నవి ఎలాగూ చూసే ఉంటారు. ఎవరూ చూడనిది ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్ టైమ్, అంటే వీఎంలని నడిపే అసలు సర్వర్ టైమ్ (అది యూటీసీలో, మనకన్నా ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది, కంగారు పడకండి). వీఎంలో ఎన్‌టీపీ ఉందిగా, హోస్ట్‌తో పనేంటి అంటారు.

పనుంది. వీఎం లోపల నడిచే వీఎంవేర్ టూల్స్‌లో టైమ్ సింక్ 'డిసేబుల్డ్' అని చూపించినా, ఆగేది ఎప్పటికప్పుడు జరిగే సింక్ మాత్రమే. స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టడం) తీసినా, వీమోషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్ట్‌కి మార్చడం) జరిగినా, టూల్స్ సర్వీస్ రీస్టార్ట్ అయినా హోస్ట్ టైమ్‌ని ఒకసారి తెచ్చి గెస్ట్‌లో, అంటే వీఎంలో, పెట్టేస్తుంది. బ్యాకప్ రోజూ రాత్రి తీసేది స్నాప్‌షాటే కదా! హోస్ట్ ఏడు నిమిషాలు ముందుంటే వీఎం కూడా ఏడు నిమిషాలు ముందుకు దూకుతుంది, కెర్బెరోస్ మామూలుగా ఓర్చుకునేది 5 నిమిషాలే. క్రోనీ వెంటనే సరిచేయదా అంటే, చాలా లినక్స్ డిస్ట్రోల్లో క్రోనీ సెట్టింగ్ మేక్‌స్టెప్ '1.0 3' అని ఉంటుంది, అంటే సర్వీస్ మొదలయ్యాక మొదటి మూడు అప్‌డేట్లలోనే ఒక్కసారిగా టైమ్ మారుస్తుంది, ఆ తర్వాత మెల్లగా లాక్కొస్తుంది. ఎంత వేగంగా లాగినా ఒక్క సెకను తేడా సరిచేయడానికి 12 సెకన్లు పడుతుంది కాబట్టి ఏడు నిమిషాలకి కనీసం 84 నిమిషాలు. మీరు ఆఫీసుకొచ్చేసరికి అంతా సర్దుకుని ఉంటుంది. క్రోనీ లాగ్‌లో మాత్రం 'ఫార్వర్డ్ టైమ్ జంప్ డిటెక్టెడ్' అన్న లైను ఉంటుంది, దాని టైమ్‌ని బ్యాకప్ జాబ్ టైమ్‌తో పోల్చండి.

ముందు హోస్ట్‌లో ఎన్‌టీపీ ఆన్ చేసి, హోస్ట్‌తో పాటే స్టార్ట్ అయ్యేలా పెట్టండి. తర్వాత వీఎం ఆప్షన్లలో 'సింక్రొనైజ్ ఎట్ స్టార్టప్ అండ్ రిజ్యూమ్' టిక్ తీసేయండి. పక్కనే 'రికమెండెడ్' అని ఉంటుంది, గెస్ట్‌లో క్రోనీ ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆ టిక్ లేని పాత వెర్షన్ అయితే వీఎం సెట్టింగ్స్ ఉండే వీఎంఎక్స్ ఫైల్లో టైమ్.సింక్రొనైజ్‌తో మొదలయ్యే ఆప్షన్లన్నీ సున్నా చేయాలి. మేక్‌స్టెప్‌ని '1 -1' చేస్తే క్రోనీ ఎప్పుడైనా దూకి సరిచేస్తుంది కానీ, డేటాబేస్ ఉన్న వీఎంలో టైమ్ వెనక్కి దూకితే వేరే తలనొప్పి, అక్కడ వద్దు. సరిపోయిందో లేదో తెలియడానికి రాత్రి దాకా ఆగక్కర్లేదు, చేత్తో ఒక స్నాప్‌షాట్ తీసి లాగ్ చూడండి.

టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోని టైమ్ కౌంటర్), క్లాక్‌సోర్స్ (కెర్నల్ టైమ్ లెక్కకి వాడే గడియారం) మార్చమనే సలహాలు చాలావరకు పాత కెర్నల్స్ నాటివి. లీప్ సెకను (అప్పుడప్పుడు ప్రపంచ టైమ్‌కి కలిపే అదనపు సెకను) అనుమానం కూడా వద్దు, చివరిది కలిపింది 2016 డిసెంబర్ 31న.