ఇల్లు సర్దే రోజు జాగ్రత్తలు

ఇల్లు సర్దడాన్ని ఎవరూ ప్రమాదమున్న పనిగా లెక్కపెట్టరు. అందుకే ఏ ఏర్పాటూ లేకుండా దిగిపోతాం. నడుము పట్టేయడమూ, కావలసిన కాగితం చెత్తలో కలిసిపోవడమూ ఆ రోజే జరుగుతాయి. ఈసారి మొదలుపెట్టే ముందు ఒక గంట ఈ జాగ్రత్తలకు కేటాయించండి.

అన్నిటికంటే ముందు బీరువా సంగతి. గోడకు బిగించని పొడవాటి బీరువాలో కింది సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగితే బరువు ముందుకు చేరి అది మీదికి ఒరుగుతుంది. పై అరలు ముందు ఖాళీ చేయండి, సొరుగులు ఒక్కొక్కటిగా తెరవండి. తిరిగి పెట్టేటప్పుడు బరువైనవి అడుగున ఉండాలి. తెరిచిన సొరుగులు చిన్నపిల్లలకు మెట్లలా కనిపిస్తాయి కాబట్టి, పిల్లలున్న ఇంట్లో బీరువాను గోడకు బిగించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

అటక ఎక్కడానికి కుర్చీ మీద కుర్చీ వేయకండి. నిచ్చెనా కావాలి, దాన్ని పట్టుకునే మనిషీ కావాలి. పెట్టె ఎత్తేటప్పుడు వంగవలసింది మోకాళ్లే, నడుము కాదు.

దుమ్ముకు మాస్కు, చేతులకు తొడుగులు ఎలాగూ ఉండాలి. మూల ఎలుక పెంటికలు కనిపిస్తే మాత్రం చీపురు తీయకండి. పొడిగా ఊడిస్తే ఆ ధూళి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, దానితో జబ్బులూ రావచ్చు. కిటికీలు తెరిచి అరగంట ఆగి, క్రిమిసంహారక ద్రావణంతో బాగా తడిపి, ఐదు నిమిషాల తర్వాత కాగితంతో తుడిచి పారేయండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న ద్రావణంతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

సొరుగుల అడుగున దొరికే చిన్న వస్తువులే నన్ను ఎక్కువ భయపెడతాయి. నాణెంలా ఉండే బటన్ బ్యాటరీని పసిపిల్ల మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కలరా ఉండలూ మిఠాయిల్లా కనిపిస్తాయి, అవీ విషమే. గడువు దాటిన మందులు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు మామూలు చెత్తలో వేయకండి. ఉబ్బినదాన్ని నొక్కినా గుచ్చినా మంట రేగవచ్చు. ఉబ్బిన బ్యాటరీలు తప్ప మిగతావాటికి మూత ఉన్న డబ్బా ఒకటి ముందే పక్కన పెట్టుకోండి.

ఇక పారేయడం. శరీరానికి తగిలిన దెబ్బ మానుతుంది, పారేసిన వస్తువు తిరిగి రాదు. ఒకసారి, పనికిరాదనుకుని అమ్మ చేతిరాత ఉన్న పాత నోటుపుస్తకాన్ని ఆమెను అడగకుండా చిత్తుకాగితాల్లో కలిపేశాను. ఆమె నన్ను ఏమీ అనలేదు గానీ, చాలా రోజులు సొరుగులు తెరిచి వెతుకుతూనే ఉంది. అప్పటి నుంచి ఇతరుల వస్తువు ఎంత చిరిగినదైనా, వారు ఎదురుగా ఉండి సరేననే దాకా ముట్టుకోను.

బట్టలు ఇచ్చేసే ముందు ప్రతి జేబూ, సంచుల లోపలి జిప్పులూ చూడండి. పుస్తకాల పుటలు ఒకసారి దులపండి. పాత ఫోను ఇచ్చేసేటప్పుడు ఫొటోలు వేరే చోట దాచుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, మొత్తం సమాచారం చెరిపి, సిమ్ తీసేయండి. తేల్చుకోలేని వస్తువులకు ఒక పెట్టె పెట్టి, దానిమీద ఆరు నెలల తర్వాతి తేదీ రాయండి. అలసిపోయాక ఏదీ పారేయాలని నిర్ణయించకండి. అప్పుడు అన్నీ చెత్తలాగే కనిపిస్తాయి.

ఒక పూటలో తిరిగి సర్దగలిగినన్ని బట్టలే బయటికి తీయండి. దాచేవాటిని ఉతికి, పూర్తిగా ఆరాకే మడవండి. చెమట మరకలున్న ఉన్ని బట్టలను పురుగు ముందుగా పడుతుంది. పల్చటి ప్లాస్టిక్ తొడుగులు తీసేయండి, వాటి లోపల తేమ నిలిచి బూజు వస్తుంది. కలరా ఉండల వాసన పట్టిన బట్టలను పసిపిల్లలకు తొడిగే ముందు గాలికి ఆరవేసి, మళ్లీ ఉతకండి.