గాజు పెంకుల్ని కెమెరాతో ఏరడం – 4వ పాఠం: ముందు ఆటో ఆపండి

కరిగించి కొత్త సీసాలు చేయడానికి, గాజు పెంకుల్ని ఫోన్ ఫొటోలతో రంగులవారీగా వేరుచేస్తున్నాం కదా. పోయిన పాఠం చేసినవాళ్లలో చాలామందికి ఒకే బీరు సీసా పెంకు పొద్దున గోధుమరంగులోనూ, రాత్రి పచ్చగానూ వచ్చిందట. ఫొటోలోంచి రంగు తేల్చే కోడ్ మార్చుకుంటూ కూర్చున్నారట. కోడ్ జోలికి పోకండి. దీనివల్ల ఈసారి రావాల్సిన పింగాణీ పాఠం సగానికి కుదించాల్సి వచ్చింది.

తిప్పలంతా ఫోన్ కెమెరాలోని ఆటో మోడ్‌తోనే. లైట్ ప్యానెల్ మీద ముదురు పెంకులు నాలుగు పడగానే, చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ఫ్రేమ్ నిండా గోధుమ పెంకులే ఉంటే, పసుపు బల్బు కింద ఉన్నామనుకుని మొత్తాన్ని నీలం వైపు లాగుతుంది. పెళ్లి ఫొటోలకి అది బాగానే ఉంటుంది. మనకి మాత్రం పక్కన ఏముందో దాన్నిబట్టి పెంకు రంగు మారిపోతుంది. అలాంటి ఫొటోలతో రంగుల మధ్య ఏ హద్దు పెట్టుకున్నా నిలవదు.

ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ పెట్టి వదిలేయండి. ఫోకస్ కూడా మాన్యువలే. 1/50 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ప్యానెల్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది, 1/50లో సరిగ్గా రెండు మినుకులు పడతాయి. 1/1000 పెడితే ఫొటో నిండా చారలే. వెలుతురు ఎక్కువైతే షట్టర్ ముట్టుకోకుండా, ప్యానెల్ మీద ఇంకో ట్రేసింగ్ పేపర్ వేయండి. ఫొటోలో ఖాళీ ప్యానెల్ పిక్సెల్ విలువ (0 నుంచి 255 దాకా ఉంటుంది) 230 దాటకూడదు. 255 తగిలిన చోట రంగు సమాచారం పోయినట్టే. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో దొరికే మామూలు సీలింగ్ ప్యానెల్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఖాళీ ప్యానెల్ ఫొటోతో ప్రతి ఫొటోనూ భాగించడం తెలిసిందే. హ్యూతో, అంటే రంగు చక్రంలో ఎక్కడుందో చెప్పే ఒక్క అంకెతో, రంగు తేల్చడం నాకు నచ్చదు. సీసా అడుగు మందం, పక్కలు పలచన, అందుకే రెండూ వేరే రంగుల్లా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ విలువల లాగరిథమ్‌ల నిష్పత్తి తీస్తే మందం ప్రభావం చాలావరకు పోతుంది.

ఇక పింగాణీ. ఇరానీ చాయ్ కప్పు ముక్క ప్యానెల్ మీద నల్లటి మచ్చలా కనిపిస్తుంది. లేబుల్ అంటుకున్న పెంకూ అంతే. కాగితమైతే పెంకుల్ని కరిగించే కొలిమిలో కాలిపోతుంది. కప్పు ముక్క 1500 డిగ్రీల దగ్గర కూడా సరిగా కరగక, కొత్త సీసా గోడలో రాయిలా ఉండిపోతుంది. సీసా అక్కడే పగులుతుంది. అనుమానం వస్తే బయటికే. ఫ్యాక్టరీల్లో ఆ పని గాలి జెట్‌ది.

అభ్యాసం: గ్లౌజులు వేసుకుని, మూడు రంగుల్లో మందపువి, పలచనివి కలిపి 60 పెంకులు ఏరండి. మూడు పూటలా ఫొటో తీయండి. నిష్పత్తులు పూటపూటకీ మారితే మళ్లీ మొదటినుంచి. ఓవెన్‌లో పెట్టే బోరోసిలికేట్ గిన్నె ముక్క ఒకటి కలపండి. ఈ పద్ధతికి అది దొరకదు. ఎందుకు దొరకదో రాసి ఉంచండి, 5వ పాఠానికి కావాలి.