నడుము కింది వెన్నులో తిత్తి: ఎప్పుడు కోయాలి, ఎప్పుడు ఆగాలి

సమస్య: కూర్చుంటే త్రికాస్థి (నడుము కింద, వెన్ను అడుగున ఉండే త్రికోణపు ఎముక) దగ్గర నొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. దగ్గినా తుమ్మినా పోటు పిరుదుల్లోకి, కాలి వెనుక భాగంలోకి పాకుతుంది.

కారణం: ఎమ్మారైలో త్రికాస్థి నాడుల మొదట్లో ద్రవం నిండిన సంచి కనిపిస్తే అది 1938లో నాడీ శస్త్రవైద్యుడు ఐసడోర్ టార్లోవ్ వర్ణించిన తిత్తి కావచ్చు. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవమే నాడి పొరల మధ్యకు చొరబడి, సన్నని దారి గుండా తేలికగా వెనక్కి రాలేక, క్రమంగా ఆ సంచిని ఉబ్బిస్తుందని, అది పక్క నాడులను నొక్కి ఎముకను కూడా అరగదీస్తుందని వైద్యుల వివరణ. అయితే ఇలాంటి తిత్తులు చాలామందిలో ఏ బాధా కలిగించకుండానే ఉంటాయి కనుక, స్కాన్‌లో కనిపించిందే నొప్పికి కారణమని తీర్పు చెప్పడం తొందరపాటు. డిస్కు జారడం, తుంటి కీలు అరుగుదల వంటివి ముందుగా తోసిపుచ్చి, తిత్తి ఉన్న నాడి పరిధిలోనే నొప్పి, తిమ్మిరి ఉన్నాయో లేదో సరిచూడాలి.

పరిష్కారం: మొదట మందులు, ఫిజియోథెరపీ. సూదితో ద్రవం తీస్తే ఉపశమనం దొరికినా, తిత్తి మళ్లీ నిండడం మామూలే. లక్షణాలు తీవ్రంగా ఉండి, తిత్తితో కచ్చితంగా సరిపోలినప్పుడు, త్రికాస్థి వెనుక ఎముకను కొంత తొలగించి, మైక్రోస్కోపు కింద తిత్తిని తెరిచి, గోడను మడిచి కుట్టి, ద్రవం మళ్లీ చేరకుండా కొవ్వు లేదా కండర ముక్కతో, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్) జిగురుతో మూసివేస్తారు. నాడీ తంతువులు ఆ గోడలోనే ఉండవచ్చు కాబట్టి తిత్తిని మొత్తంగా కోసి తీయాలని పట్టుబట్టడం ప్రమాదకరం. అందుకే చాలామంది సర్జన్లు శస్త్రచికిత్స సాగుతున్నంతసేపూ నాడుల పనితీరును యంత్రంతో గమనిస్తారు.

సమస్య: నిలబడినా నడిచినా ఒక కాలిలో నొప్పి.

కారణం, పరిష్కారం: ఇది వేరే కథ. అరిగిన వెన్ను కీలు నుంచి, ఎక్కువగా నాలుగు, ఐదు నడుము పూసల మధ్య, పుట్టే సైనోవియల్ తిత్తి (కీలు ద్రవంతో నిండిన సంచి) కావచ్చు. దాన్ని తొలగించి నాడిపై ఒత్తిడి తీసేస్తారు. పూస జారి ఉంటే పూసలను బిగించడం గురించీ ఆలోచిస్తారు.

సమస్య: శస్త్రచికిత్స తర్వాత గాయం నుంచి నీరులాంటి ద్రవం, లేచి కూర్చుంటే తలనొప్పి.

కారణం, పరిష్కారం: వెన్ను ద్రవం కారుతుండవచ్చు. పడక విశ్రాంతి, నడుములో గొట్టంతో ద్రవాన్ని మళ్లించడం, అవసరమైతే మళ్లీ కుట్లు. జ్వరం, మెడ బిగుసుకుపోవడం తోడైతే అది మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల లోపలి వైపు, మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గినా, శస్త్రచికిత్సకు ముందైనా తర్వాతైనా, మరుసటి అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు.