మిర్చి ధర ఎటు పోతుందో ముందే పసిగట్టడం ఎలా

మిర్చి వేసే ముందు అందరం చూసేది ఒక్కటే, గుంటూరు యార్డులో ఇవాళ తేజా రకం మిర్చి ఎంత పలికిందని. ఆ ధరను నమ్ముకుని ఎకరాలు పెంచడం ఎంత ప్రమాదమో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. జూన్, జూలైల్లో నారు పోస్తాం, ఆగస్టు, సెప్టెంబర్లలో నాటతాం, కాయ జోరుగా యార్డుకు చేరేది సంక్రాంతి దాటాకే. అంటే ఇవాళ్టి ధర చూసి వేసిన పంట ఏడెనిమిది నెలల తర్వాత, అదే ధర చూసి వేసిన మిగతా వాళ్లందరి సరుకుతో కలిసి మార్కెట్లోకి దిగుతుంది.

ఈ మధ్య జరిగిందే చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీద పడి తోటలకు తోటలే ఊడ్చేసింది. సరుకు తగ్గింది, 2023లో తేజా క్వింటా 20 వేలు దాటింది. ఆ ధర చూసి కొత్తవాళ్లు కూడా మిర్చిలోకి వచ్చారు. 2025 మొదట్లో ధర ఎంతగా పడిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. మా బాబాయ్ 2024లో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలను (మిర్చి బస్తాలను) 'ఇంకో రెండు నెలలు ఆగుదాం' అంటూ అలాగే ఉంచాడు. కొత్త కాయ వచ్చేసరికి ఆయనది పాత సరుకైపోయింది.

మరి ముందుగా ఏం చూడాలి? నా లెక్కలో మొదటి గుర్తు యార్డులో కాదు, జూన్‌లో విత్తనాల షాపు దగ్గర కనిపిస్తుంది. పేరున్న హైబ్రిడ్ ప్యాకెట్ కోసం జనం ఎగబడుతున్నారా, అడిగినన్ని ప్యాకెట్లు దొరుకుతున్నాయా? నర్సరీ వాళ్లకు అడ్వాన్సులు ఎప్పుడు మొదలయ్యాయి? వీటికంటే నేను ఎక్కువగా నమ్మేది కౌలు రేటు. ఊళ్లో మిర్చి పొలానికి కౌలు ఒక్కసారిగా పెరిగిందంటే, పోయినేడాది లాభాన్ని జనం అప్పుడే ఖర్చు పెట్టేస్తున్నారని అర్థం. ఈ మూడూ ఒకేసారి వేడెక్కితే వచ్చే ఫిబ్రవరికి సరుకు విరగబడి వస్తుందని అనుకోవడమే మంచిది. మీ ఊరు ఒక్కటే చూడకండి, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, కర్నూలు వైపు తెలిసినవాళ్లకు తలా ఒక ఫోన్ చేయండి.

రెండోది నిల్వ. నవంబర్, డిసెంబర్లకు కోల్డ్ స్టోరేజీల్లో ఇంకా ఎన్ని టిక్కీలు మిగిలాయన్నది పెద్ద విషయం. దాంతోపాటు మధ్యప్రదేశ్ కాయను మర్చిపోవద్దు. ఖర్గోన్ జిల్లా బేడియా మండీలో మనకంటే ముందే కొత్త సరుకు మొదలవుతుంది. అక్కడ కాయ ఎలా ఉంది, ధర ఎలా తెరుచుకుంది అన్నది మనకు ఒకటి రెండు నెలల ముందు వచ్చే కబురు. రోజువారీ ధరలు, రాకలు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, జయశంకర్ వ్యవసాయ వర్సిటీ వాళ్ల ధరల అంచనాలు కూడా తెలుగు పేపర్లలో వస్తుంటాయి.

మూడోది విదేశం. మన కాయకు అతిపెద్ద విదేశీ కొనుగోలుదారు చైనా. వాళ్లకు కావాల్సింది ముఖ్యంగా తేజా ఘాటు. అందుకే వాళ్ల పంట బాగుంటే ఇక్కడ ఆర్డర్లు మెత్తబడతాయి, వాళ్ల కొత్త సంవత్సరం సెలవుల్లో కొనుగోళ్లు నెమ్మదిస్తాయి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: 'ఎగుమతులు పెరిగాయి' అన్న వార్త చూసి ధర పెరుగుతుందనుకోవడం. 2024-25లో మిర్చి ఎగుమతి టన్నుల్లో పెరిగింది, విలువలో తగ్గింది. అంటే చవగ్గా ఉంది కాబట్టి ఎక్కువ కొన్నారు. టన్నులు, డబ్బు రెండూ పక్కపక్కన పెట్టి చూడనిదే ఆ వార్తతో ఏ నిర్ణయానికీ రాకండి.

యార్డుకు వెళ్లినప్పుడు బోర్డు మీది గరిష్ట ధర దగ్గరే ఆగిపోకండి, కొనేవాళ్ల చేతులు చూడండి. టిక్కీ నుంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి వంచి, ఊపి గింజ గలగలమంటుందా లేదా వింటారు, తొడిమ దగ్గర రంగు చూస్తారు. సరుకు నిజంగా అవసరమైన రోజుల్లో ఈ పరీక్ష త్వరగా అయిపోతుంది, మీడియం కాయకూ బేరం కుదురుతుంది, తాలు కాయను (రంగు పోయిన నాసి కాయను) కూడా అడిగేవాళ్లుంటారు. డిమాండ్ సన్నగిల్లినప్పుడు డీలక్స్ (మేలైన కాయ) ధర పైనే నిలబడుతుంది గానీ మీడియం, తాలు కిందికి జారతాయి. ఆ తేడా రెండు మూడు వారాలు వరసగా పెరుగుతుంటే నేను జాగ్రత్తపడతాను.

ఇన్ని చూసినా తుఫాను, పురుగు మన లెక్కకు లొంగవు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ గురించి జూన్‌లో ఎవరు చెప్పగలరు? అందుకే 'పెరుగుతుంది' అని కాకుండా నూటికి ఎన్ని పాళ్లు అని రాయాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి: తేదీ, ఏ రకం, ఏ నెలకి, ఎంత దాటుతుంది, నూటికి ఎన్ని పాళ్ల నమ్మకం, ఎందుకు. ఆ నెల వచ్చాక పక్కనే అసలు ధర రాయండి. నాకైతే రెండేళ్లు రాశాక తెలిసింది, ధర పెరుగుతున్న రోజుల్లో నేను ప్రతిసారీ పది పాళ్లు ఎక్కువే వేస్తున్నానని. ఇప్పుడు ముందే తగ్గించి రాస్తున్నాను.

ఇక ఆ 'ఎంత దాటుతుంది' అన్న అంకె ఊహ నుంచి కాదు, మీ ఖర్చు నుంచి రావాలి. ఉదాహరణకు మార్చిలో క్వింటా 12 వేలు ఉందనుకోండి, కోల్డ్ స్టోరేజీలో పెట్టి నవంబర్ దాకా ఆగుదామనుకున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన వాళ్లకి నెలకు 240, ఎనిమిది నెలలకు 1,920. అద్దె, హమాలీ, తరుగు కలిపితే 14 వేలు దాటితే గానీ అసలు చేతికి రాదు. కాబట్టి నోట్‌బుక్‌లో రాయాల్సిన ప్రశ్న 'ధర పెరుగుతుందా' అని కాదు, 'నవంబర్‌లో మీడియం తేజా 14,500 దాటడానికి నూటికి ఎన్ని పాళ్లు' అని. మీరు రాసిన అంకె 50 దాటకపోతే, అప్పు తీరడానికి సరిపడా టిక్కీలు మార్చిలోనే అమ్మేయండి.